పంచిన మిషన్లకు చుక్క నూనె కూడా మన బాధ్యతే

మొన్నటి ఉగాది సంబరాలలో పంచాంగ శ్రవణం అయ్యాక సంఘం సేవా కార్యక్రమాల ఫొటోలు తెర మీద వేశారు. రాజాం చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళకు మనం ఇచ్చిన కుట్టు మిషన్లను, వాటికి వేసిన పూలదండలను చూసి అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత సర్వసభ్య సమావేశంలో, ఆ మిషన్ల మరమ్మతుకు కొంత సొమ్ము కేటాయించమని నేను అడిగితే, వేదిక మీది పెద్దలొకరు "మరమ్మతుకు ఇస్తే ఎవరికి కనబడుతుందమ్మా?" అన్నారు. ఆ మాట నన్ను ఇంకా గుచ్చుతూనే ఉంది. ఆ ఫొటోల్లోని మిషన్లలో ఒకదాన్ని సంక్రాంతికి మా పిన్ని ఇంట్లో చూసి వచ్చినదాన్ని నేను.

2022లో జిల్లాలు మారినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలో కలిసినా, పిన్ని మాత్రం ఇప్పటికీ తమది శ్రీకాకుళమనే చెబుతుంది. పండక్కి కుట్టవలసిన జాకెట్లు మూటలోనే ఉన్నాయి. మిషను మీద దుప్పటి, దాని మీద బియ్యం చేట. "సెక్రం బిగిసిపోనాది అమ్మీ, రెండు సేతుల్తో తిప్పినా తిరగట్లేదు" అంది.

అమ్మ మిషను మీద కుట్టు నేర్చుకున్నదాన్ని కాబట్టి, బలవంతంగా తిప్పవద్దని చెప్పి ముందు బెల్టు తప్పించాను. కింది తొక్కుడు తేలికగానే ఆడింది. అంటే బిగువు పైభాగంలోనే ఉంది. చేతి చక్రం మధ్యనున్న మరను (స్క్రూను) వదులు చేస్తే చక్రం ఒక్కటీ సునాయాసంగా తిరిగింది కనుక లోపం చక్రానిది కాదు, లోపలిది. సూది, కింది దారం కండె ఉండే బాబిన్ కేసు తీసి, రెండు పక్కల కొక్కేలు తప్పించి, సూది దారాన్ని అందుకునే షటిల్‌ను బయటికి తీయగా, దాని వెనక ఎర్రదారం చిక్కుపడి, బట్టల నూగు నూనెతో కలిసి చిన్న వత్తిలా గట్టిపడి ఉంది. దాన్ని సూదిమొనతో లాగి, పాత బ్రష్షుతో తుడిచాక మరను మళ్ళీ బిగించి చూస్తే సగం బిగువు పోయింది.

మిగతా సగం కొబ్బరి నూనెది. ఇంట్లో ఉన్న నూనె అదే కదా అని పిన్ని అన్ని రంధ్రాల్లోనూ పోసింది. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీలకు దిగువన గడ్డకడుతుంది, పుష్యమాసపు ఉదయాల్లో మన ఊళ్ళలో జరిగేది అదే. పాతబడితే జిగురవుతుంది కూడా. పొయ్యికి దూరంగా వసారాలో కూర్చుని రంధ్రాల్లో కిరసనాయిలు చుక్కలు వేసి, చక్రాన్ని ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదిపాం. నల్లటి జిడ్డు కారింది. రాత్రంతా వదిలేసి, పొద్దున్నే శుభ్రంగా తుడిచి, అసలైన మిషను నూనె వేసి, దారం లేకుండా కాసేపు తొక్కించాను. భోగి నాటికి చక్రం వేలితో తోస్తే తిరిగింది.

దసరాకు పెట్టిన పసుపూ కుంకుమా ఒక నూనె రంధ్రం చుట్టూ గడ్డకట్టి ఉన్నాయి. నాకు మొదట కోపమే వచ్చింది. కానీ అన్నం పెట్టే పనిముట్టుకు బొట్టు పెట్టుకునే ఆ చేతులకు, ఆ రంధ్రం ఎందుకుందో ఎవరైనా చెప్పారా? పొందూరులో వాలుగ చేప దవడతో దూదిని దువ్వే నేర్పు ఉన్న నేల అది. పనిముట్టును చూసుకోవడం అక్కడివాళ్ళకు కొత్త విద్య కాదు, ఈ పనిముట్టు సంగతే ఎవరూ చెప్పలేదు.

దాతలకు తమ సొమ్ము కంటికి కనబడాలని ఉండటం సహజమే, పంపిణీని నేను తక్కువ చేయడం లేదు. ఇచ్చినదాన్ని కాపాడుకోవలసింది వాళ్ళేనన్న వాదనలోనూ న్యాయం ఉంది. అయినా, వచ్చే దసరాకు ఇవ్వబోయే మిషన్లలో రెండు తగ్గించి, ప్రతి మిషనుతో పాటు ఒక నూనె సీసా, బ్రష్షు, మరలు తిప్పే సాధనం ఇవ్వమనీ, రాజాంలోనో బొబ్బిలిలోనో ఉన్న మిషను మెకానిక్కుకు రోజుకూలి ఇచ్చి పూట శిక్షణ ఏర్పాటు చేయమనీ కార్యవర్గాన్ని చేతులు జోడించి కోరుతున్నాను. తన వీధిలోనే ఇంకో ఇద్దరి మిషన్లు బిగిసిపోయి ఉన్నాయని పిన్ని పోయిన వారం ఫోన్లో చెప్పింది. వాళ్ళకు ఏం చెప్పమంటారో కార్యవర్గమే చెప్పాలి.