లెక్కకు రాని తెలుగు ఇళ్లు

ఒడిశాలోని పర్లాకిమిడిలో కేబుల్ ఆఫీసుకు వెళ్లి తెలుగు ప్యాక్ కావాలంటే సీరియళ్లు, సినిమాల ఛానెళ్లు ఠక్కున పెడతారు. శ్రీకాకుళం జిల్లా కబుర్లు చెప్పే చిన్న న్యూస్ ఛానెల్ పేరెత్తితే మాత్రం ‘అది మన దగ్గర రాదండీ’ అంటారు. మా పాఠకులు తరచూ చెప్పే మాటే ఇది. కూతవేటు దూరంలో, ఆంధ్ర వైపున్న పాతపట్నంలో అదే ఛానెల్ హాయిగా వస్తుంది. వంశధార పొంగితే నీళ్లు ఒడిశాలోని గుణుపూర్, కాశీనగర్ దాటాకే శ్రీకాకుళం జిల్లాలోని గొట్టా బ్యారేజీకి చేరతాయి. ఏటికి పైన పిల్లనిచ్చినవాళ్లూ, కింద పొలాలున్నవాళ్లూ అలాంటి రాత్రి టీవీ చూసి ఏమీ తెలుసుకోలేరు. ఫోన్లు చేసుకోవలసిందే.

ఇందులో కేబుల్ కుర్రాడి తప్పేమీ లేదు. తిరకాసంతా లెక్కలో ఉంది. తన పరిధిలోని చందాదారుల్లో 20 శాతం కూడా చూడని ఛానెల్ నుంచి ఆపరేటర్ క్యారేజ్ ఫీజు, అంటే దాన్ని తన తీగ మీద చూపినందుకు రుసుము, వసూలు చేయవచ్చు. టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన గరిష్ఠం నెలకు సెట్‌టాప్ బాక్సుకు 20 పైసలు. వినడానికి చిల్లరే. కానీ ఆపరేటర్ ఒడిశా మొత్తాన్నీ ఒకే మార్కెట్‌గా చూపి, అందులో పది లక్షల బాక్సులుంటే, అది నెలకు రెండు లక్షల రూపాయలు. 2011 జనగణనలో ఒడిశాలో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు రెండు శాతం లోపే. బరంపురం నుంచి జయపురం దాకా తెలుగిల్లు ఒక్కటీ మిగలకుండా చూసినా ఆ ఛానెల్ 20 శాతం ఎలా దాటుతుంది? పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలో పాతికమంది ప్రేక్షకుల కోసం రూర్కెలా బాక్సులకు కూడా ఫీజు కట్టడానికి ఏ చిన్న ఛానెల్ ముందుకొస్తుంది?

ఇలాంటప్పుడు మార్కెట్‌కు పగ్గాలు వదలాలన్న వాదన జోరందుకుంది. కొంత వదిలేశారు కూడా. ఒకప్పుడు 200 ఛానెళ్లకు 130 రూపాయలు, పన్ను అదనం, అని చందాదారు నెలనెలా కట్టే నెట్‌వర్క్ ఫీజుకు గరిష్ఠ పరిమితి ఉండేది. 2024 జులైలో ట్రాయ్ దాన్ని ఎత్తేసింది. ప్రాంతాన్ని బట్టి వేర్వేరు ధర పెట్టుకునే వీలు కూడా ఇచ్చింది. కేబుల్, డిష్, యూట్యూబ్ ఒకదానితో ఒకటి పోటీపడే నగరంలో దీనివల్ల ధర తగ్గవచ్చు, అక్కడ మాకు అభ్యంతరం లేదు. ఒకే తీగ మీద ఊరంతా ఆధారపడే కొండ ప్రాంతంలో ఆ పోటీ ఎక్కడుంది?

1995 నాటి కేబుల్ చట్టం స్థానంలో కేంద్రం తేదలచిన ప్రసార సేవల బిల్లు ముసాయిదా 2023 నవంబరులో బయటికొచ్చింది. సవరించిన ప్రతిని కొద్దిమందికే చూపించారన్న గొడవ రేగాక, 2024 ఆగస్టులో దాన్ని వెనక్కి తీసుకుని, మరింత చర్చ తర్వాత కొత్తది తెస్తామన్నారు. ఆ ముసాయిదాల నిండా కంటెంట్ కమిటీలు, సలహా మండళ్లు. ధరకేమో స్వేచ్ఛ, మాటకేమో ముకుతాడు! సరిహద్దు జిల్లాల్లో పొరుగు రాష్ట్రపు భాష చూసేవాళ్ల సంగతి ఎవరికీ తట్టినట్టు లేదు.

ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ప్రజల్లో మేమూ ఉన్నాం. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి 1936లో ఒడిశాలో కలిసింది. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసే అమరావతి, హైదరాబాద్ పెద్దలు ఆ ఊళ్లో తెలుగు వార్త ఎలా వినపడుతుందో ఒక్కసారి అడిగితే బాగుంటుంది. ఈ బాధ మాదొక్కరిదే కాదు, ఆంధ్ర సరిహద్దున ఇచ్ఛాపురంలో ఒడియా మాట్లాడే ఇంటికీ ఇలాంటిదే ఎదురుకావచ్చు.

మేం కోరేది పెద్దదేమీ కాదు. సరిహద్దు జిల్లాల్లో 20 శాతం లెక్కను రాష్ట్రంతో కాకుండా జిల్లాతో వేయాలి. పొరుగు రాష్ట్రపు వార్తా ఛానెళ్లు కనీసం రెండైనా బేస్ ప్యాక్‌లో ఉండాలి. దూరదర్శన్ ఛానెళ్లు తప్పనిసరిగా చూపాలని పాత చట్టం ఎనిమిదో సెక్షన్ ఎప్పటినుంచో చెబుతోంది. కొత్త బిల్లులో అలాంటి సెక్షన్ రాసే చోట ఈ రెండు వాక్యాలూ చేర్చితే సరిపోతుంది.