ప్లగిన్ ఎక్కకపోతే యాంటీవైరస్ ఆపేయమంటున్న ఆ మెసేజ్‌ను నమ్మకండి

ఈ మధ్య వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అమలాపురం నుంచి భీమవరం దాకా నెట్ సెంటర్ల వాళ్లు, ఆడిటర్ ఆఫీసుల్లో పనిచేసే కుర్రాళ్లు, చిన్న కాంట్రాక్టర్లు ఒకరికొకరు పంపించుకుంటున్నారు. అందులో ఉన్నది ఇదీ: బ్రౌజర్‌లో ప్లగిన్ ఇన్‌స్టాల్ అవ్వకపోతే ముందు యాంటీవైరస్ ఆపేయండి. హిస్టరీ మొత్తం క్లియర్ చేయండి. అయినా రాకపోతే డెవలపర్ మోడ్ ఆన్ చేసి, కింద ఇచ్చిన జిప్ ఫైల్ వేయండి. అదీ కాకపోతే పాత క్రోమ్ వేసుకుని అప్‌డేట్లు ఆపేయండి. వంద శాతం పనిచేస్తుంది.

పనిచేయదు. నేను కోనసీమలో ఇలాంటి ఆఫీసుల కంప్యూటర్లు చూసే పనిలో ఉన్నాను. ఈ మెసేజ్ ప్రకారం అన్నీ చేసేశాక నా దగ్గరికి వచ్చే సిస్టమ్‌లలో అసలు సమస్య అలాగే ఉంటుంది, కొత్తగా ఇంకో నాలుగు చేరి ఉంటాయి. వేసవిలో కాలువలు కట్టేశాక క్లోజర్ పనులకు, అంటే కాలువల మరమ్మతులకు, టెండర్లు పిలుస్తారు. గడువు తక్కువ. బిడ్ వేయాలంటే డిజిటల్ సంతకం కావాలి, ఆ సంతకం పడాలంటే ప్లగిన్, అంటే బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్, పనిచేయాలి. ఆ టెన్షన్‌లో ఎవరు ఏం చెప్పినా చేసేస్తారు. అందుకే ఒక్కో మాటకూ జవాబు చెప్పాలనిపించింది.

ముందు ఆ మెసేజ్‌లో లేని ప్రశ్న ఒకటి ఉంది. స్క్రీన్ మీద ఏమని వస్తోంది? దాన్ని చదవకుండా చేసే పనంతా చీకట్లో రాయి వేయడమే. మనం ప్లగిన్ అని ఒకే పేరుతో పిలిచేవి నిజానికి వేర్వేరు రకాలు. బ్రౌజర్ లోపలే నడిచే పాతకాలం జావా ప్లగిన్ల లాంటి వాటిని క్రోమ్ 2015 సెప్టెంబరులో, ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలో తీసేశాయి. మినహాయింపుగా మిగిలిన ఫ్లాష్‌కు కూడా 2020 చివరితో కాలం చెల్లింది. కాబట్టి ఇవాళ ఏదైనా సైట్ ‘ఫ్లాష్ ప్లేయర్ ఇన్‌స్టాల్ చేయండి’ అంటే రెండే కారణాలు. ఆ సైట్‌ను ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోకపోయి ఉండాలి, లేదా అది మోసం. ఏ సెట్టింగు మార్చినా ఆ ప్లగిన్ రాదు. ఇప్పుడు క్రోమ్‌లో, ఎడ్జ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో ఎక్కేవి ఎక్స్‌టెన్షన్లు అనే కొత్త రకానివి. ఇక్కడి నుంచి నేను మాట్లాడేది వాటి గురించే.

‘యాంటీవైరస్ ఆపేయండి.’ ఇందులో కొంత నిజం లేకపోలేదు. ఎక్స్‌టెన్షన్ ఫోల్డర్‌ను ప్రొఫైల్‌లోకి (బ్రౌజర్ మన సెట్టింగులు దాచుకునే చోటికి) తరలించలేకపోయామని క్రోమ్ చెబితే యాంటీవైరస్‌ను అనుమానించవచ్చు. సంతకం ప్రోగ్రామ్‌కు చెందిన ఫైల్‌ను అది పట్టి పక్కన పెట్టేయడం కూడా జరుగుతుంది. అలాంటప్పుడు యాంటీవైరస్ తెరిచి, క్వారంటైన్‌లో, అంటే అది పక్కన పెట్టినవాటిలో, ఏ ఫైల్ ఉందో చూడండి. మీరు అధికారిక పోర్టల్ నుంచే తెచ్చిన ఫైల్ అయితే ఆ ఒక్కదానికి అనుమతి ఇవ్వండి. అంతేగానీ కాపలా మొత్తం తీసేసి, ఆ వెంటనే ఎవరో పంపిన జిప్ తెరవమనడం ఏం సలహా? ఆ రెండూ ఒకే మెసేజ్‌లో పక్కపక్కనే ఉన్నాయని ఎవరూ గమనించడం లేదు. ‘మీ అడ్మినిస్ట్రేటర్ అడ్డుకున్నారు’ అని వస్తే మాత్రం యాంటీవైరస్‌కు సంబంధమే లేదు. ఆ కంప్యూటర్‌లో ఏవి ఎక్కించకూడదో ఎవరో పాలసీ పెట్టారు, వాళ్లనే అడగాలి.

‘హిస్టరీ క్లియర్ చేయండి.’ ఎక్స్‌టెన్షన్లు హిస్టరీలో ఉండవు. చూసిన పేజీల జాబితాతో పాటు కుకీలు (సైట్లు మనల్ని గుర్తుపెట్టుకునే ఫైళ్లు) కూడా తుడిచేస్తే లాగిన్లు పోతాయి, పాస్‌వర్డ్‌ల గడికి కూడా టిక్ పెడితే దాచుకున్న పాస్‌వర్డ్‌లూ పోతాయి. దీనికంటే బ్రౌజర్‌లో కొత్త ప్రొఫైల్ తెరిచి అక్కడ ఎక్కించి చూడండి. అక్కడ సవ్యంగా ఎక్కితే గొడవ పాత ప్రొఫైల్‌లోనో, అందులోని మరో ఎక్స్‌టెన్షన్‌లోనో ఉన్నట్టు తేలిపోతుంది. పోగొట్టుకునేదీ ఏమీ ఉండదు.

మెసేజ్‌లో ఊసే లేని కారణం ఇంకొకటి ఉంది, నాకు తరచూ ఎదురయ్యేది అదే. తేదీ. స్క్రీన్ కింద కుడి మూల చూడండి. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీద సీఆర్ 2032 అనే గుండ్రటి బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే, రాత్రి గోడ దగ్గర స్విచ్ కట్టేసిన ప్రతిసారీ గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. సైట్ల భద్రతా సర్టిఫికెట్లన్నిటికీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. గడియారం తప్పయితే బ్రౌజర్ ఆ సర్టిఫికెట్లలో దేన్నీ నమ్మదు, ఎక్స్‌టెన్షన్లు దొరికే స్టోర్ తెరుచుకోదు, డౌన్‌లోడ్ జరగదు. ‘మీ గడియారం వెనకబడి ఉంది’ అని క్రోమ్ చాలాసార్లు తనే చెబుతుంది, మనమే చదవకుండా మూసేస్తాం. తేదీ సరిచేసి, ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరికే ఆ బ్యాటరీ మార్చించండి. సర్టిఫికెట్ గడువు దాటితే వ్యవహారం ఎంత దూరం పోతుందంటే, 2019 మే 4న ఫైర్‌ఫాక్స్ సొంత సర్టిఫికెట్ ఒకటి గడువు దాటి, ప్రపంచమంతటా జనం వాడుతున్న ఎక్స్‌టెన్షన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. 2025 మార్చి 14న మరో సర్టిఫికెట్ గడువు ముగిసింది. మామూలు ఫైర్‌ఫాక్స్‌లో 128 కంటే పాత వెర్షన్ వాడుతున్నవారు దీని వల్లే ఇబ్బంది పడ్డారు.

ఇక ‘డెవలపర్ మోడ్ ఆన్ చేసి జిప్ వేయండి’ అన్న మాట. మొత్తం మెసేజ్‌లో నాకు నిజంగా భయం వేసేది ఇదే. స్టోర్ నుంచి వచ్చే ఎక్స్‌టెన్షన్‌కు ఎంతో కొంత పరిశీలన జరుగుతుంది, అప్‌డేట్లు వాటంతట అవే వస్తాయి, చెడ్డదని తేలితే స్టోర్ వాళ్లే ఆపగలరు. జిప్ విప్పి ఫోల్డర్‌గా ఎక్కించినదానికి ఆ పరిశీలనా లేదు, అప్‌డేట్లూ లేవు. ‘అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవడం, మార్చడం’ అనే అనుమతి దాని లోపల రాసి ఉంటే, ఇలా ఎక్కించినప్పుడు మిమ్మల్ని అడగకుండానే అది వచ్చేస్తుంది, ఇక బ్యాంకు పేజీలో మీరు టైప్ చేసేది కూడా దాని కళ్ల ముందే ఉన్నట్టు.

ప్రమాదం సంగతి పక్కన పెట్టినా, దీనితో సంతకం పని జరగదు. డిజిటల్ సంతకం పెట్టించే ఎక్స్‌టెన్షన్లలో చాలావరకు రెండు భాగాలు. ఒకటి బ్రౌజర్‌లో ఉంటుంది, రెండోది విండోస్‌లో వేరే ప్రోగ్రామ్‌గా ఉండి టోకెన్‌తో, అంటే డిజిటల్ సంతకం దాచి ఉండే యూఎస్‌బీ పరికరంతో, మాట్లాడుతుంది. కాలువ లాకులకు రెండు వైపులా తలుపులుంటాయి కదా, ఒక వైపువే తెరిస్తే పడవ లోపలికొచ్చి అక్కడే ఆగుతుంది. ఇదీ అంతే. ‘ఎక్స్‌టెన్షన్ కనిపిస్తూనే ఉందండి, అయినా సైట్ మాత్రం ఇన్‌స్టాల్ చేయమనే అడుగుతోంది’ అని చాలామంది ఫోన్ చేస్తారు. కొరత రెండో భాగంలో ఉంటుంది. పైగా విండోస్ వైపు ప్రోగ్రామ్ దగ్గర, తనతో మాట్లాడటానికి అనుమతి ఉన్న ఎక్స్‌టెన్షన్ల ఐడీల జాబితా ఉంటుంది. జిప్ నుంచి ఎక్కించినదానికి, తయారుచేసినవాళ్లు లోపల ప్రత్యేకంగా కీ పెట్టి ఉంటే తప్ప, ఫోల్డర్ ఉన్న చోటును బట్టి వేరే ఐడీ వస్తుంది. ఆ ఐడీ జాబితాలో ఉండదు, కనెక్షన్ కుదరదు.

మరి ఏం చేయాలి? కంట్రోల్ ప్యానెల్‌లో ఆ రెండో ప్రోగ్రామ్ ఉందో లేదో చూడండి. లేకపోతే పోర్టల్ నుంచే తెచ్చి, రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా ఇన్‌స్టాల్ చేయండి. బ్రౌజర్ కిటికీలన్నీ మూసి మళ్లీ తెరవండి. టోకెన్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లో మీ పేరున సర్టిఫికెట్ కనిపిస్తోందో లేదో, గడువు ఉందో లేదో చూడండి. అక్కడే కనిపించకపోతే బ్రౌజర్‌తో కుస్తీ పట్టి లాభం లేదు. జీఎస్టీ పోర్టల్ సంగతి మళ్లీ వేరు. అక్కడ కావలసింది ఎక్స్‌టెన్షన్ కాదు, ఎంసైనర్ అనే ప్రోగ్రామ్. అది మీ కంప్యూటర్‌లోనే 1585 పోర్టు మీద నడుస్తూ ఉండాలి. దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా ఓపెన్ చేయకపోయినా, దాని సర్టిఫికెట్‌ను బ్రౌజర్ ఒప్పుకోకపోయినా సంతకం పడదు.

‘పాత క్రోమ్ వేసుకోండి.’ అసలు రోగమే అది. విండోస్ 7కు క్రోమ్ చివరి వెర్షన్ 109. అది 2023 జనవరిలో వచ్చింది. విండోస్ 7 మీదే నడుస్తున్న సిస్టమ్‌లు మన సెంటర్లలో ఇంకా కనిపిస్తాయి, కొత్త ఎక్స్‌టెన్షన్లలో కొన్ని అంతకంటే కొత్త క్రోమ్ అడుగుతాయి. ఇంకోవైపు, మ్యానిఫెస్ట్ వీ2 అనే పాత పద్ధతిలో రాసిన ఎక్స్‌టెన్షన్లను క్రోమ్ 2024 నుంచి ఆపుకుంటూ వచ్చి, 2025లో పూర్తిగా వదిలేసింది. మీకు కావలసినది ఆ రకానిది అయితే, దాన్ని తయారుచేసినవాళ్లు కొత్త వెర్షన్ ఇచ్చారేమో వాళ్ల సైట్‌లో చూడండి. దాని కోసం అప్‌డేట్లు ఆపేస్తే, రోజూ బ్యాంకు పనులు చేసే బ్రౌజర్‌కు భద్రతా మరమ్మతులు అన్నీ ఆగిపోతాయి.

ఇప్పటికే ఆ జిప్ వేసినవాళ్లు ఉంటే ఇవాళే చేయవలసింది ఇది. టోకెన్ తీసి పక్కన పెట్టండి. ఎక్స్‌టెన్షన్ల పేజీలో దాన్ని తొలగించి, ఫోల్డర్ కూడా డిలీట్ చేయండి. యాంటీవైరస్ మళ్లీ ఆన్ చేసి పూర్తి స్కాన్ పెట్టండి, బ్రౌజర్ అప్‌డేట్ చేయండి. తర్వాత వేరే కంప్యూటర్ నుంచి గానీ ఫోన్ నుంచి గానీ బ్యాంకు, మెయిల్, పోర్టల్ పాస్‌వర్డ్‌లు మార్చండి. ఖాతాలోంచి డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మీ సంతకం మీకు తెలియకుండా ఎక్కడైనా పడిందన్న అనుమానం ఉంటే, సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకే రాసి దాన్ని రద్దు చేయించి కొత్తది తీసుకోండి.