బిడ్డల లెక్క సర్కారుకెందుకు?

1950ల మొదట్లో ఢిల్లీలోని లోధీ కాలనీలో, మైసూరు రాష్ట్రంలోని రామనగరంలో ఆడవాళ్లకు ప్రభుత్వం పూసల దండలు పంచింది. రోజుకో పూస జరపాలి. ఒక రంగు పూసలు నడిచినన్నాళ్లు భర్తకు దూరంగా ఉండాలి, రంగు మారాక ఫర్వాలేదు. స్వతంత్ర భారతంలో సర్కారు ఖర్చుతో మొదలైన కుటుంబ నియంత్రణ తొలి అడుగుల్లో ఇదొకటి. దూరంగా ఉండాల్సిన రోజేదో పూస చెప్పగలదు, మొగుడి చేత వినిపించలేదు. ఆ ప్రయోగం ఎందుకు నిలవలేదో వేరే చెప్పక్కర్లేదు.

పూసలే ఎందుకంటే, అప్పటి ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ గాంధీజీ శిష్యురాలు. గర్భ నిరోధక సాధనాలు ఆమెకు సమ్మతం కావు. 1935లో గర్భ నిరోధక సాధనాల కోసం ఉద్యమించిన అమెరికన్ మార్గరెట్ శాంగర్ వార్ధా వచ్చి ఎంత వాదించినా, నిగ్రహమే మార్గమన్న మాట దగ్గర్నుంచి గాంధీజీ కదల్లేదు. ఆ నమ్మకమే మొదటి పంచవర్ష ప్రణాళికలో కేటాయించిన 65 లక్షల రూపాయలు దేనికి ఖర్చవ్వాలో నిర్ణయించింది. అంటే ఈ విషయంలో విశ్వాసం ఖజానాకు అడ్డుపడటం కొత్తేమీ కాదు, అది గుడి నుంచో మసీదు నుంచో చర్చి నుంచో మాత్రమే వస్తుందనుకోవడమూ సరికాదు.

ఇప్పుడు గాలి తిరిగింది. 1997లోనే రాష్ట్ర స్థాయి జనాభా విధానం తెచ్చి, జననాల రేటు తగ్గించామని చెప్పుకున్న ఆంధ్రప్రదేశ్‌లో, అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడే ఇవాళ ఎక్కువమందిని కనమంటున్నారు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను 2024 నవంబరులో శాసనసభ ఎత్తేసింది. ఎత్తేయడం మంచిదే. పిల్లల సంఖ్య చూసి పౌరుడి హక్కు కోయడం అప్పుడూ తప్పే. ఆ మరుసటి నెలలోనే నాగపూర్‌లో ఆర్‌ఎస్‌ఎస్ అధినేత మోహన్ భాగవత్ ప్రతి ఇంటా కనీసం ముగ్గురు పిల్లలుండాలన్నారు. 2021లో కేరళలోని పాలా కేథలిక్ డయోసిస్ (బిషప్ పరిధిలోని చర్చి విభాగం) అయిదుగురు, అంతకు మించి పిల్లలున్న తమ కుటుంబాలకు నెలకు 1,500 రూపాయలు ఇస్తామంది. వీటిలో ఏది మతం మాటో, ఏది ఆర్థిక శాఖ మాటో విడదీయడం కష్టమైపోతోంది.

మేం విడదీసే గీత ఒకటే. డబ్బు ఎవరిది? డయోసిస్ తన హుండీలోంచి ఇస్తే అది దాని ఇష్టం. స్వామీజీ ప్రవచనంలో చెప్పినా, మౌల్వీ శుక్రవారం ప్రసంగంలో చెప్పినా వినేవాళ్లు వింటారు, విననివాళ్లు లేచి వెళ్తారు. కేథలిక్ ఆస్పత్రుల్లో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయరు, అది వారి విశ్వాసం. పక్క వీధిలోని ప్రభుత్వాస్పత్రిలో ఆ సేవ దొరికినన్నాళ్లు ఎవరికీ చిక్కులేదు. ప్రభుత్వాస్పత్రి కూడా చేతులెత్తేస్తే మాత్రం ఆ విశ్వాసం లేనివారి మీద కూడా అదే రుద్దినట్టవుతుంది.

'నా మతం ఒప్పుకోని పనికి నా పన్ను డబ్బా?' అనేది తరచూ వినిపించే ప్రశ్న. నిజాయతీగా అడిగేవారూ ఉన్నారు, కొట్టిపారేయలేం. కానీ పుష్కర ఘాట్లకు నాస్తికుడి పన్ను కూడా వెళ్తుంది. చుక్క ముట్టనివాడు కట్టిన పన్నులోంచే ఎక్సైజ్ సిబ్బందికి జీతాలు అందుతాయి. ఎవరి రూపాయిని వారికి నచ్చిన పనికే వాడే ఖజానా ఎక్కడా లేదు. సుప్రీంకోర్టు 2003లో హర్యానా పంచాయతీ కేసులో, ఎక్కువమంది పిల్లల్ని కనడం మతాచరణలో విడదీయరాని భాగమన్న వాదనను తోసిపుచ్చింది. అదే తీర్పు ఇద్దరు పిల్లల నిబంధననూ సమర్థించింది. ఆ రెండో సగంతో మాకు పేచీ ఉంది.

మతం చూసి జననాల లెక్క కట్టేవారికి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చాలు. 1992-93లో హిందూ స్త్రీకి సగటున 3.3 మంది, ముస్లిం స్త్రీకి 4.4 మంది పిల్లలు. 2019-21 నాటికి అవి 1.94, 2.36. రెండూ దిగాయి, రెండోది ఇంకా వేగంగా దిగింది. చదువు, బిడ్డ బతుకుతుందన్న భరోసా, దగ్గర్లో ఆస్పత్రి చేసిన పని ఇది. ఇరాన్‌లోనైతే ఒకే మతం, ఒకే వ్యవస్థ రెండు దారులూ తొక్కింది. 1989 తర్వాత మత పెద్దల సమ్మతితోనే పెళ్లికి ముందు కుటుంబ నియంత్రణ తరగతులు తప్పనిసరి చేసి, సాధనాలు ఉచితంగా పంచారు. 2012లో ఆ నిధులు కోశారు. 2021 చట్టంతో ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచిత పంపిణీనే ఆపేశారు. మారింది గ్రంథం కాదు, పాలకుల అవసరం.

ప్రభుత్వాలకు సంఖ్య మీద మోజు పుడితే ఏమవుతుందో మనకు తెలిసిందే. ఎమర్జెన్సీ నాటి 1976-77లో ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. హర్యానాలోని ఉటావర్ గ్రామాన్ని పోలీసులు చుట్టుముట్టి మగవాళ్లను పట్టుకుపోయారు. ఆ దెబ్బకు వేసెక్టమీ (మగవారి ఆపరేషన్) అనే మాటే పోయింది, భారమంతా ఆడవాళ్ల మీద పడింది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక శిబిరంలో ఒకే డాక్టరు కొద్ది గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశాడు. అక్కడి శిబిరాల తర్వాత 13 మంది చనిపోయారు. మూడేళ్లలో ఇలాంటి శిబిరాలు ఆపాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పాల్సి వచ్చింది.

ఆంధ్రప్రదేశ్ సంగతి చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయిన స్త్రీలలో 69.6 శాతం ట్యూబెక్టమీ (ఆడవారి ఆపరేషన్) చేయించుకున్నవారే. మగవారి ఆపరేషన్లు అర శాతం కూడా లేవు. మాత్రలు, కాపర్ టీ, నిరోధ్ అన్నీ కలిపినా రెండు శాతం దాటవు. ఇరవై రెండేళ్లకే రెండో కాన్పు, దాంతోపాటే ఆపరేషన్, ఇంటికి పంపించేయడం. 'ఆపేయించుకున్నావా?' అని అత్తగారు అడుగుతుంది, ఆశా కార్యకర్తా అదే అడుగుతుంది. కొన్నాళ్లు ఆగుదామనుకునే అమ్మాయికి చెప్పేవాళ్లు లేరు. వద్దనుకున్నప్పుడు ఆపుకోలేక, కావాలనుకున్నప్పుడు తిరిగి కనలేక మిగిలిపోయిన తరమిది. ఇప్పుడు అదే ఇంటికి వెళ్లి మూడో బిడ్డను కనమంటే ఎలా?

మూడో బిడ్డకు నజరానా ఆలోచనలు పక్కనపెట్టి, ఉన్న పని సరిగా చేయమని రెండు తెలుగు ప్రభుత్వాలనూ అడుగుతున్నాం. 2017లో కేంద్రం గర్భం రాకుండా ఆపే అంతరా ఇంజెక్షన్‌ను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మూడు నెలలకోసారి వేయించుకోవాలి. మొదటి డోసు వేసి కార్డు చేతికిస్తారు. ఆ కార్డు మీద రాసిన తేదీకి, కూలి మానుకుని, చంకన పిల్లతో ఆమె పీహెచ్‌సీకి వచ్చినప్పుడు స్టాకు లేదంటే ఇక మళ్లీ రాదు.