హంపికి వెన్ను చూపిన వీరులు

యుద్ధంలో వెన్ను చూపడం పిరికితనమని పెద్దలు చెప్పారు. విహారయాత్రలో మాత్రం అది తప్పనిసరి కార్యక్రమం. సంక్రాంతి సెలవుల్లో హంపి వెళ్ళి రెండు రోజులపాటు మేము చేసిన పని అదే. గుడి కనబడినా, మండపం ఎదురైనా ముందు దానికి వీపు తిప్పి నిలబడ్డాం. వెళ్ళినవాళ్ళం ఐదుగురం, ఫోన్లు ఆరు. మా బావమరిదికి రెండు ఉన్నాయి. ఒకటి ఫొటోలు తీయడానికి, రెండోది అతను ఫొటోలు తీస్తుండగా ఇంకొకరి చేత తీయించుకోవడానికి.

"అంత దూరం వెళ్ళింది చూడటానికా, ఫొటోలకా?" అని వెక్కిరించేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు చరిత్ర చదవలేదు. 1520 ప్రాంతంలో డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు విజయనగరం వచ్చాడు. కొండెక్కి చూసినా ఊరు మొత్తం కంటికి ఆనలేదనీ, చూసినంత మేరకే రోమ్ నగరమంత ఉందనీ రాసుకున్నాడు. పాపం, చేతిలో ఫోను లేదు కాబట్టి చూడవలసి వచ్చింది. చూసిన పాపానికి కూర్చుని రాయవలసి వచ్చింది. ఇంత చాకిరీ చేసినా ఆయన ఆ కొండ మీద నిలబడ్డాడనడానికి రుజువేదీ? మా బావమరిది మతంగ పర్వతం మీద నిలబడ్డాడనడానికి నలభై ఏడు రుజువులున్నాయి. అన్నిటిలోనూ అతనున్నాడు, అక్కడక్కడ సూర్యుడున్నాడు. ఊరు అతని భుజాల వెనక క్షేమంగా ఉంది.

విఠలాలయంలో రాతిరథం దగ్గర మన జాతి క్రమశిక్షణ చూసి కళ్ళు చెమర్చాయి. బస్సు తలుపు దగ్గర ముసలివాళ్ళను కూడా తోసుకుని ఎక్కే మనం అక్కడ వరసలో నిలబడి, ఒక్కో కుటుంబానికి ఇంతసేపని మనలో మనమే లెక్క వేసుకున్నాం. తెలుగును లెస్స అన్న రాయలవారి ఊళ్ళో ఆ రోజు గంటసేపు వినబడిన తెలుగు "కొంచెం పక్కకు జరగండి" అన్న ఒక్క వాక్యమే. అంతలో బావమరిదికి ఆలోచన వచ్చింది. యాభై రూపాయల నోటు వెనక ఈ రథమే కదా, నోటును ఎదురుగా పట్టుకుని బొమ్మనూ అసలునూ కలిపి తీయాలి. ఐదుగురి జేబులూ తడిమితే ఒక్క నోటు దొరకలేదు. టీ నుంచి టికెట్ల దాకా అన్నిటికీ ఫోనుతోనే చెల్లించాం మరి. చివరికి వరసలో మా వెనక ఉన్న తాతగారిని బతిమాలి ఒక నోటు చేబదులు తీసుకున్నాం. ఆయన తన నోటు మీద నుంచి కళ్ళు తిప్పలేదు. ఆ ఆవరణలో రథాన్ని అంత శ్రద్ధగా చూసింది ఆయనొక్కడే, అదీ నోటు మీద.

గైడు తన మానాన తను చెబుతున్నాడు. రథం ముందున్న ఏనుగులు మొదటినుంచీ ఉన్నవి కావట, అక్కడ గుర్రాలుండేవట, వాటి కాళ్ళూ తోకలూ ఏనుగుల వెనక ఇప్పటికీ కనబడతాయట. ఇంటికొచ్చాక చూద్దామని ఫొటో పెద్దది చేశాను. సరిగ్గా గుర్రం తోక ఉండవలసిన చోట నా పొట్ట ఉంది.

ఇక్కడ ఫొటోగ్రఫీ సాధించిన ప్రగతి గురించి రెండు మాటలు చెప్పాలి. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే సైనికాధికారి హంపిని ఫొటోలు తీశాడు. మైనం పట్టించిన కాగితమే నెగెటివ్. ఒక్కో ఫొటోకు కెమెరా కన్ను నిమిషాల తరబడి తెరిచి ఉంచాలి. అంతసేపు కదలకుండా ఉండగలిగింది రాయి ఒక్కటే. దారిన పోయే మనిషి కాగితం మీద ఆనడు. అందుకే ఆయన ఫొటోలో రథం ఉంది, రథం నెత్తిన ఇటుకలతో కట్టిన శిఖరం కూడా ఉంది. ఆ శిఖరం ఇప్పుడు లేదు. ఎలా ఉండేదో తెలియాలంటే అలాంటి పాత ఫొటోలే దిక్కు. ఎంత వెనకబడిన విద్యో చూడండి, రాళ్ళు మిగిలి మనుషులు మాయమయ్యేవారు! ఇప్పుడు మా బావమరిది కళ్ళద్దాల మీద దుమ్ము సైతం లెక్కపెట్టవచ్చు. వెనకున్నదంతా మసక. 1565 యుద్ధం తరవాత గెలిచినవాళ్ళు నెలల తరబడి పగలగొట్టినా పూర్తికాని పనిని ఫోను ఒక్క నొక్కుతో ముగించింది.

కొందరు ఇంత నాజూకు తెలియక మొరటుగా పోతారు. ఆ మధ్య కుర్రాళ్ళు ఇక్కడొక స్తంభాన్ని తోసి పడేస్తూ వీడియో తీసుకున్నారు. 2019లో అది ఊరూరా తిరిగి, న్యాయస్థానం దాకా వెళ్ళింది. తలా 70 వేల రూపాయల జరిమానా వేసి, పడేసిన స్తంభాన్ని వాళ్ళ చేతనే నిలబెట్టించారు. హంపికి వెళ్ళిన లక్షలమందిలో ఒక స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకుని, బరువెంతో తెలుసుకున్న అదృష్టవంతులు బహుశా వాళ్ళే.

మా చిన్నప్పుడు తిరునాళ్ళలో తాజ్‌మహల్ బొమ్మ వేసిన తెర ఉండేది. దాని ముందు అట్ట మోటారుసైకిలు. ఆగ్రా వెళ్ళిరావడానికి అరగంట కూడా పట్టేది కాదు. పర్యాటక శాఖవారు హోస్పేట బస్టాండులో అలాంటిదే రథం తెర ఒకటి కట్టిస్తే రాళ్ళకూ విశ్రాంతి, మాకూ బ్యాటరీ బండి ఛార్జీ మిగులు.

చివరిగా విరూపాక్షాలయం. గుడి వెనక భాగంలో ఒక చీకటి గది ఉంది. గోడలో చిన్న సందు, అందులోంచి వచ్చే వెలుగు ఎదుటి గోడ మీద పడుతుంది. ఆ వెలుగులో తూర్పు గోపురం, తొమ్మిది అంతస్తులదీ, తలకిందులుగా నిలబడి ఉంటుంది. కెమెరా అనే మాట పుట్టకముందే కట్టిన కెమెరా అది. గది నిండా గబ్బిలాల వాసన, పక్కనెవరున్నారో తెలియని చీకటి. మొదట ఏమీ కనబడలేదు. కాసేపటికి కళ్ళు అలవాటుపడ్డాక గోడ మీద మసి మరకలాంటిది తేలింది. అంతస్తు మీద అంతస్తు కిందికి దిగుతూ, కలశాలు నేల వైపు తిరిగి ఉన్నాయి. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. రెండు రోజుల్లో అందరమూ ఒకే వైపు చూసింది అప్పుడే.

"కదలకండి బావగారూ!" అని వినబడింది. వెంటనే ఫ్లాష్ వెలిగింది.

గోపురం పోయింది. తెల్లటి గోడ, దాని మీద ఎవరో గోటితో గీకిన రెండు పేర్లు, మధ్యలో బాణం గుర్తు. చీకటి తిరిగొచ్చింది గానీ మా కళ్ళలో ఫ్లాష్ మెరుపే ఈదుతోంది. గైడు ఏమీ అనలేదు. అలవాటే కాబోలు. "మరొకటి తీస్తాను, వెలుగు చాలలేదు" అన్నాడు బావమరిది.

తిరిగొచ్చాక పక్కింటి పెద్దాయనకు ఫొటోలు చూపించాను. వెయ్యికి పైనే ఉన్నాయి కాబట్టి రెండు కాఫీలయ్యాయి. ఈ ఫొటో వచ్చేసరికి, ఇందులో గోపురం తలకిందులుగా ఉంటుందండీ అని విన్నవించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని ఫోనును నెమ్మదిగా తలకిందులు చేశారు. ఉత్త గోడను అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు.

"బాగుందయ్యా" అన్నారు. "ఇంతకీ ఇందులో నువ్వు లేవేం?"