మహారాజశ్రీ యాప్ స్టోర్ వారికి తిరుపతి నుంచి ఒక అర్జీ

మహారాజశ్రీ యాప్ స్టోర్ వారి దివ్య సముఖానికి,

లీలామహల్ సర్కిల్ వెనక సందు నుంచి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగనక్కర్లేదు. నిన్న మధ్యాహ్నం మా మామ ఖాతాలోంచి 399 రూపాయలు కదిలినప్పుడే తమరు ఎంత క్షేమంగా ఉన్నారో అర్థమైంది.

తమలో, అంటే గూగుల్ దుకాణం, యాపిల్ దుకాణం ఇద్దరిలో, ఎవరికి రాస్తున్నానో పేరు పెట్టి చెప్పను. చెబితే రెండోవారు ‘అమ్మయ్య, మాకు కాదు’ అనుకుని పక్కన పెట్టేస్తారు. ఇద్దరూ చదవండి, ఇద్దరికీ సరిపోతుంది.

మామ చిత్తూరు డిపోలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. కాణిపాకం రద్దీలో కూడా ఎవరికి ఎంత చిల్లర బాకీయో టికెట్ వెనక రాసింది చూడకుండానే చెప్పేవాడు. అలాంటి మనిషి ఖాతాలోంచి ఆయనకే తెలియకుండా డబ్బు లాగారంటే తమరి పనితనానికి దండం పెట్టాలి.

బెంగళూరులో ఉన్న కొడుకు పొలం పాసుపుస్తకం పేజీలు పీడీఎఫ్ చేసి పంపమన్నాడు. మామ తమరి దగ్గరికొచ్చి ‘స్కానర్’ అని కొట్టాడు. అన్నిటికన్నా పైన ఒకటి తగిలింది. ముచ్చటైన బొమ్మ, స్టార్లు, పక్కన ఇన్‌స్టాల్ బటన్. పైన ఉందంటే పదిమందీ మెచ్చిందే అయ్యుంటుందని నొక్కాడు. ఇందులో మామ తప్పేముంది? మొదటి ర్యాంకు వచ్చినవాణ్ణి తెలివైనవాడనే కదా ఈ దేశం మొత్తం నమ్మేది!

యాప్ తెరవగానే ఒక తెర వచ్చింది. నేనూ తర్వాత నా ఫోన్లో ఎక్కించి చూశాను కాబట్టి చెబుతున్నా. మధ్యలో బొటనవేలు పట్టేంత బటన్, ‘కొనసాగించు’ అని. దాని పైన లావు అక్షరాల్లో ‘3 రోజులు ఉచితం’. బటన్ కింద తెలుపు మీద లేత బూడిద రంగులో, చీమలు పాకినట్టు ఒక వరుస: ఆ తర్వాత వారానికి 399. తెర మూసే ఇంటూ గుర్తు మొదట కనిపించనే కనిపించదు. మనం కాసేపు వెతికి విసిగిపోయాక, కుడి మూలన, అదీ దాదాపు తెలుపులో కలిసిపోయిన రంగులో, సిగ్గుపడుతూ బయటికొస్తుంది. ఈలోపు మామ కొనసాగించేశాడు. ఉచితానికి యూపీఐ పిన్ ఎందుకు అని అనుమానం వచ్చిందట గానీ, అప్పటికి డబ్బేమీ పోలేదు కదా అని ఊరుకున్నాడు. పేజీలు స్కాన్ చేశాడు, కొడుక్కి పంపాడు, ఇక దీంతో ఏం పని అని సాయంత్రానికల్లా యాప్ తీసేశాడు. తీసేటప్పుడు ఇంగ్లీషులో ఏదో అడిగిందట, ఓకే కొట్టాడట.

నిన్న మా ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు ఫోను టింగుమంది. డబ్బు పోయింది.

‘ఏం అల్లుడా, యాప్ తీసేసినా గదా. బస్సు దిగిపోయినోడి దగ్గర గూడా టికెట్ కొడతాడా వీడు?’ అన్నాడు మామ.

కొడతారని చెప్పాల్సి వచ్చింది. యాప్ తీసేయడం వేరు, చందా ఆపడం వేరు. చందా తమరి దగ్గర ఉంటుంది. ప్రొఫైల్ బొమ్మ నొక్కాలి, చెల్లింపులూ చందాలూ అన్న చోటికి పోవాలి, అందులో చందాలు, అందులో ఆ యాప్, అందులో రద్దు. అప్పుడు ‘ఎందుకు రద్దు చేస్తున్నారు?’ అని అడుగుతారు. ఇచ్చిన జవాబుల్లో ‘నేను అసలు అడగలేదు’ అన్నది లేదు. ‘సాంకేతిక సమస్యలు’ అన్నది ఉంది, సరే అదే కొట్టాం. తర్వాత డబ్బు వాపసు దరఖాస్తు. దానికి జవాబు మాత్రం ఆలస్యం చేయలేదు: మా విధానం ప్రకారం వీలుపడదు, యాప్ తయారుచేసినవారిని అడగండి. తయారుచేసినవారి అడ్రసు ఒక ఈమెయిలు. ఆ ఈమెయిలు మళ్లీ మా దగ్గరికే తిరిగొచ్చింది, అలాంటి పెట్టె లేదని. మధ్యాహ్నం నిద్ర పోయింది, మామ చిత్తూరు బస్సు పోయింది, ఇద్దరికీ తలనొప్పి మిగిలింది.

డబ్బు పట్టుకునే ముందు ఖాతాదారుకు కనీసం 24 గంటల ముందు చెప్పాలని రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది. అబద్ధమెందుకు, మెసేజ్ వచ్చింది. రియల్ ఎస్టేట్ మెసేజ్‌కీ, లోన్ మెసేజ్‌కీ మధ్యన ఇరుక్కుని, ఇంగ్లీషులో. అందులో ఉన్న కంపెనీ పేరుకూ యాప్ పేరుకూ ఒక్క అక్షరం కలవదు.

సరే, 399 పోతే పోయింది, తిరుపతిలో దానికి ఇద్దరు సరిగ్గా భోంచేసి రావచ్చు గానీ పోతే పోయింది. నాకు మింగుడుపడనిది ఆ మొదటి చోటు.

మాది క్యూల ఊరు. సర్వదర్శనానికి డబ్బు లేదు, కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి కూర్చోవాలి. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం వేరే లైను. శ్రీవాణి ట్రస్టుకు 10,000 విరాళమిచ్చి, పైన 500 పెట్టి టికెట్ కొన్నవాళ్లకు బ్రేక్ దర్శనం. దేవుడి దగ్గర ఇన్ని రేట్లేమిటని మా టీ బంకుల దగ్గర రోజూ తగాదా నడుస్తూనే ఉంటుంది, నేనూ అందులో గొంతు కలుపుతుంటాను. కానీ ఒక్క మాట ఒప్పుకోవాలి. ఎవరు డబ్బు కట్టి వచ్చారో, ఎవరు కట్టకుండా వచ్చారో టికెట్ మీద రాసి ఉంటుంది, లైను వేరే ఉంటుంది. పదివేలు కట్టినవాణ్ణి తెచ్చి సర్వదర్శనం లైనులో ముందు నిలబెట్టి, ‘ఈయన అర్ధరాత్రి నుంచి కాచుకున్నాడు’ అని ఎవరూ చెప్పరు. మీరు చెబుతారు.

‘ప్రకటన అని రాశాం కదా’ అంటారు. రాశారు. చూపించాను కూడా. మామ కళ్లద్దాలు తీసి, పంచె చెంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ‘యాడ?’ అన్నాడు.

వెతుకులాటలో పై చోటును అమ్మడం గూగుల్ 2015లో మొదలుపెట్టింది, యాపిల్ 2016లో. ‘స్కానర్’ అన్న మాటకు వేలంపాట ఉంటుంది. ఆ మాటకు సరిపోయే యాప్‌లలో ఎవరు ఎక్కువ పాడితే దాదాపు వారిదే పైన. ఆ తర్వాతిది వినండి. 2021లో గూగుల్ ఒక నియమం పెట్టింది: యాప్ పేరులో ‘ఫ్రీ’ అని గానీ ‘నంబర్ వన్’ అని గానీ రాయకూడదు, జనం మోసపోతారు. ఎంత ధర్మబుద్ధి! నంబర్ వన్ అని పేరులో రాసుకుంటే తప్పు, నంబర్ వన్ చోటునే కొనుక్కుంటే వ్యాపారం.

ఇంతకీ ఆ చోటు కొనగలిగేది ఎవరు? ఇదే నన్ను నిన్నటి నుంచి నిద్రపోనివ్వడం లేదు. ఉచితంగా ఇచ్చేవాడు కొనలేడు, వాడి దగ్గర ఏముందని? 50 రూపాయలకు ఒకసారి అమ్మి ఊరుకునేవాడూ కొనలేడు, ఒక మనిషిని తెచ్చుకోవడానికి మీకిచ్చే డబ్బే అంతకన్నా ఎక్కువవుతుంది. వారానికి 399 పిండుకునేవాడు ఒక్కడే కొనగలడు. అంటే మీ పై వరుసలో ఎవరున్నారో చూస్తే, అందరికన్నా ఎక్కువ లాగేది ఎవరో తెలుస్తుందన్నమాట. మామ వేలు మడుస్తూ లెక్క కట్టాడు: ఏడాదికి 52 వారాలు, 20,748 రూపాయలు. రెండు పేజీల పాసుపుస్తకానికి! ఆ పొలం మీద కౌలు అంత వస్తుందో రాదో.

చోటు అమ్మినందుకు మీకు డబ్బు. ఆ చోటు చూసి మోసపోయినవాడు కట్టే చందాలో మళ్లీ మీ వాటా. ఏళ్ల తరబడి అది 30 శాతం. గోల పెరిగాక 2021లో చిన్న వ్యాపారులకు 15 చేశారు. ఇది విని మామ మెచ్చుకోలుగా తల ఊపాడు. ‘రెండు పక్కలా కొట్టినాడే!’ అన్నాడు. వృత్తి మీద ఆయనకున్న గౌరవం అలాంటిది.

మీరు పుట్టుకతో ఇలా లేరు. 2008 జులైలో యాపిల్ దుకాణం 500 యాప్‌లతో తెరిచినప్పుడు రేటు బోర్డు మీదే ఉండేది. ఆ ఆగస్టులోనే ‘ఐ యామ్ రిచ్’ అని ఒకటి వచ్చింది. వెల 999.99 డాలర్లు. పని ఏమిటంటే తెర మీద ఎర్రటి రాయి మెరవడం, అంతే. ఎనిమిది మంది కొన్నారు, యాపిల్ వెంటనే తీసేసింది. నన్నడిగితే మీ చరిత్రలో అంత నిజాయితీపరుడైన యాప్ లేదు. పేరులోనే చెప్పాడు, వెల ముందే చెప్పాడు, ఒక్కసారే తీసుకున్నాడు.

తర్వాత ఎక్కువ మంది కొన్నది లిస్టులో పైకి పోతుందని తెలిసి అందరూ ధర 99 సెంట్లకు దించారు. 2009లో యాపిల్ ఉచిత యాప్ లోపల కూడా అమ్ముకోవచ్చంది. ఇక చూస్కో, గుమ్మం దగ్గర ఉచితం, లోపలికెళ్లాక బేరం. 2015లో మన దేశంలో కనీస ధర 10 రూపాయలకు దించామని గూగుల్ చెప్పినప్పుడు నేను సంబరపడ్డాను కూడా. ఆ పది రూపాయలకు ఒకసారి కొనుక్కుని హాయిగా వాడుకునే యాప్ ఏదీ? వెతికితే ఎక్కడో ఉండొచ్చు. పైన మాత్రం ఉండదు.

యాప్ తెరిచి ఊపిరి పీల్చకముందే ఐదు స్టార్లు ఇవ్వమనే పెట్టె గురించి, టార్చిలైటుకు నా కాంటాక్టులెందుకో అన్నదాని గురించి ఇంకో ఉత్తరం రాస్తాను.

మా వీధిలో ఒక కుర్రాడున్నాడు, ఎస్వీ యూనివర్సిటీలో ఎంసీయే. 25 డాలర్లు కట్టి రిజిస్టర్ చేసుకుని, తెలుగులో ఒక చిన్న స్కానర్ యాప్ పెట్టాడు. ప్రకటనల్లేవు, చందా లేదు. అక్షరం పొల్లుపోకుండా దాని పేరు కొట్టి చూడు. పైన ఎవరొస్తారు? వేరేవాడు! మావాడి పేరును కూడా ఎవడో వేలంలో పాడుకున్నాడు. సొంత పేరు పెట్టి పిలిచినా సొంత కొడుకు పలకని దుకాణం నీది. వాడు నన్ను ‘అన్నా, పైకి రావాలంటే ఏం చేయాలి?’ అని అడిగితే నేనేం చెప్పను, జనం మీద పడి దోచుకోవడం మొదలుపెట్టు, పైకి వస్తావు అని చెప్పనా?

నీకు చూపు లేదా అంటే, బ్రహ్మాండంగా ఉంది. 2024 మార్చిలో ఫీజు కట్టలేదని గూగుల్ మన పెళ్లి సంబంధాల యాప్‌లను, ఉద్యోగాల యాప్‌ను స్టోరులోంచి పీకేసింది. ప్రభుత్వం కలగజేసుకున్నాక మళ్లీ పెట్టింది. అంటే తన వాటా రాకపోతే రాత్రికి రాత్రి కనబడుతుంది! ఊరికొక ముసలాయన దగ్గర వారం వారం గుంజుతుంటే మాత్రం కనబడదు. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి 13 రకాల టక్కుల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. చందా ఉచ్చు అందులో ఉంది, ప్రకటన కానట్టు కనిపించే ప్రకటన అందులో ఉంది. చదివే ఉంటావు, నీ దగ్గర లాయర్లకేం కొదవ? 2022 అక్టోబరులో ప్లే స్టోర్ బిల్లింగ్ పద్ధతుల మీద, వ్యాపారంలో పోటీ సరిగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 936.44 కోట్ల జరిమానా వేస్తే, 2025లో ట్రిబ్యునల్ దాన్ని 216.69 కోట్లకు తగ్గించింది. కోట్లు పోగొట్టుకునేవాడికి అప్పీలుంది. 399 పోగొట్టుకున్నవాడికి అచ్చు కొట్టిన జవాబుంది, వీలుపడదని.

పోనీ వదిలేసి బతుకుదామంటే దారుందా? మామ పెన్షన్ నీలోనే, బస్సు టికెట్ నీలోనే, కొండ మీద గది నీలోనే. నా కూతురు నీలోంచి తెచ్చుకున్న యాప్‌లోనే నక్షత్రాల పేర్లు నేర్చుకుంది, అది మంచి యాప్, ఆ సంగతి దాచను. అందుకే మూసేయమని అడగడం లేదు. డబ్బు కట్టినవాళ్లకు వేరే లైను పెట్టు, పైన బోర్డు కట్టు, ఇన్‌స్టాల్ బటన్ మీదే ‘తర్వాత వారానికి 399’ అని అదే సైజు అక్షరాల్లో, తెలుగులో రాయి. ఆ తర్వాత కూడా మామ నొక్కితే ఆయన ఖర్మ.

నిన్న రాత్రి బస్సు ఎక్కేముందు మామకు పంచాంగం యాప్ గుర్తొచ్చింది. ఫోను ఇస్తే తనే వెతికాడు. మొదటివాటి వంక కన్నెత్తి చూడలేదు. వేలితో గబగబా కిందికి తోసుకుంటూ పోయి, స్టార్లూ సరిగా లేని చోట ఒకదాని దగ్గర ఆగాడు.

‘ఇది బాగుంటాది అల్లుడా,’ అన్నాడు. ‘పాపం, పైకొచ్చేంత డబ్బు సంపాదించినట్టు లేదు.’

ఇట్లు,
తమరి విధేయుడు,
మామ ఆటోపే రద్దు చేసినవాడు