వెనకాల కూర్చుని సన్నాయి వాయిస్తున్న డిఫరెన్షియల్ గారికి

వెనక ఇరుసు మధ్యలో కూర్చుని ఇంజన్ తిప్పుడుని రెండువైపుల చక్రాలకీ పంచే మహారాజశ్రీ డిఫరెన్షియల్ గారికి, ఆరు టైర్ల బండికి నెలనెలా కిస్తీ కట్టుకుంటున్న ఓనర్ రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, తమరి క్షేమసమాచారాలు మాత్రం రాయక్కర్లేదు, కీసర టోల్‌గేట్ దగ్గర తమరు మూలిగితే నందిగామలో వినపడుతోంది.

మిర్చి లోడు ఎక్కించి యాభై దాటానో లేదో సన్నాయి ఎత్తుకుంటారు. యాక్సిలరేటర్ తొక్కితే ఒక రాగం, కాలు తీస్తే ఇంకో రాగం. ఖాళీ బండికి మాత్రం గప్‌చుప్. పని పడ్డప్పుడే ఒళ్ళు నొప్పులు, మా క్లీనర్‌కీ తమరికీ ఏమైనా చుట్టరికం ఉందేమో కనుక్కోవాలి.

తమరి రోగానికి డాక్టర్లకి కొదవా? టీ కొట్టు దగ్గర ఒకడు జాయింట్ క్రాస్ అంటాడు, ఒకడు వీల్ బేరింగ్ అంటాడు, ఇంకోడు టైర్లు తిన్నా ఇదే సౌండ్ వస్తది బాబాయ్ అంటాడు (టైరు సౌండైతే కాలు తీసినా మారదురా నాయనా, ఈయనది మారుతోంది). ఒక పెద్దమనిషైతే ఆయిల్లో రంపప్పొట్టు పొయ్యి, నేను అమ్మిన బండ్లన్నిటికీ అదే పోశా అన్నాడు. ఆ కొన్నవాళ్ళు ఏ రోడ్డు పక్కన ఉన్నారో పాపం. ఇక ఆటోనగర్లో ఒక మేస్త్రి బండి దగ్గరికి కూడా రాలేదు, టీ ఊదుకుంటూనే క్రౌన్ పినియన్ (తమరి కడుపులో పెద్ద పళ్ళచక్రం క్రౌను, దాన్ని తిప్పే చిన్నది పినియను) పోయింది సెట్టు మార్చాల్సిందే అని లెక్క చెప్పాడు, ఆ లెక్క వింటే ఈయన ఆయిల్ బదులు నెయ్యి పోస్తాడేమో అనిపించింది.

దాంతో పౌరుషం వచ్చి నేనే విప్పుతా అనుకున్నా. విప్పడానికేముంది, ఆయిల్ ఒంపి, రెండు వైపులా యాక్సిల్ షాఫ్టులు లాగి, ప్రొపెల్లర్ షాఫ్ట్ దింపి, చుట్టూ నట్లు తీసి తమరిని జాకీ మీదకి దించడమే. ఆయిల్ వరకు ఒంపి చూశా కూడా. ఆ గంధకం కంపు చేతికి పట్టి అన్నం సహించలేదు. డ్రైన్ బోల్టు మాగ్నెట్‌కి మెత్తటి బూడిదరంగు ముద్ద ఉంటే మామూలు అరుగుదలే, కానీ వేళ్ళ మధ్య రుద్దితే గరగరా తగిలింది, ఎండలోకి తీసుకెళ్తే రేకులు తళతళ.

అసలు తంటా బిగించేటప్పుడు. 1820ల్లో ఫ్రాన్స్‌లో తమరికి పేటెంట్ తీసుకున్న పెక్యూర్ అనే ఆయన గడియారాలు చేసేవాడంట, మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరగాలి లోపలిది తక్కువ తిరగాలి అనే లెక్క తేల్చి ఆయన పోయాడు, ఆయన గడియారం బుద్ధి మాత్రం తమరికి వదిలేశాడు. లాగేది టన్నుల లోడు, పళ్ళ మధ్య సందు చూస్తే మిల్లీమీటర్లో ఓ పావు వంతు దగ్గర, మాన్యువల్లో ఎంత రాస్తే అంతే ఉండాలి. అంత సన్న సందు కొలవడానికి డయల్ గేజ్ కావాలి. పళ్ళకి బ్లూ అనే నీలం రంగు ముద్ద పూసి తిప్పి అచ్చు ఎక్కడ పడిందో చూడాలి, పంటి కొసకి పడితే పినియన్ దూరంగా ఉన్నట్టు, పంటి మొదలుకి పడితే మరీ లోపలికి దూరినట్టు, అప్పుడు షిమ్ (పల్చటి రేకు వాషర్) మార్చాలి, షిమ్ మారిస్తే సందు మారుతుంది, సందు సరిచేస్తే అచ్చు జరుగుతుంది, మళ్ళీ మొదటికి. బేరింగ్ బిగువు ఇంకో గోల, తక్కువైతే ఊగుతుంది ఎక్కువైతే మాడిపోతుంది. నా టూల్ బాక్సులో ఉన్నవి రింగ్ స్పానర్లు, ఒక సుత్తి, వినాయకుడి ఫోటో.

పోనీ బేరింగులు మార్చి పాత పళ్ళతోనే నెట్టుకొద్దామా అంటే, పళ్ళు ఒకసారి వంకరగా అరిగాక ఎన్ని కొత్త బేరింగులు వేసినా సన్నాయి ఆగదు. కొత్తవి కొన్నా క్రౌనూ పినియనూ ఒకే నంబర్ ఉన్న జతే తెచ్చుకోవాలి, విడాకులు కుదరవు.

కాబట్టి తమరికి ఇందుమూలంగా తెలియజేయునది, ఆదివారం కిరాయి లేదు. దింపడం, డీజిల్‌తో కడగడం, బేరింగ్ క్యాపులకి ఏది కుడో ఏది ఎడమో గుర్తులు కొట్టుకోవడం నా వంతు, మేస్త్రికి ఆ కూలీ దక్కనివ్వను. సెట్టింగ్ మాత్రం బయటే. ఆ టీ ఊదే ఆయన దగ్గర కాదులెండి, అదే వీధి చివర ఇంకొకాయన ఉన్నాడు, విషయం చెప్తే ఏమీ అనకుండా ముందు బ్లూ డబ్బా ఎక్కడ పెట్టాడో వెతుక్కున్నాడు. ఆయన దగ్గరికి ట్రాలీ ఆటోలో ఊరేగుతూ వస్తారు తమరు. తిరిగొచ్చి బండికెక్కాక కూడా గొంతు సవరించుకున్నారంటే నేరుగా పాతినుము కాటాయే, కిలో ఎంతో కనుక్కునే ఉంచా.