అంగుళం ఎత్తు, లక్షా డెబ్బై వేలు

మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో పసుపు గీతకు ఇవతల నా స్కూటర్, అవతల మా బావమరిది మహీంద్రా థార్ జీపు ఉంటాయి. మూడు వారాల క్రితం వరకూ ఈ ఏర్పాటు మీద ఎవరికీ పేచీ లేదు. ఇప్పుడూ గీత అక్కడే ఉంది, స్కూటర్ అక్కడే ఉంది, థార్ అక్కడే ఉంది. దాని చక్రాలు మాత్రం నా దగ్గరికి వచ్చేశాయి. బాడీలోంచి రెండంగుళాలు బయటికి పొడుచుకొచ్చి, గీత దాటి, నా స్కూటర్ స్టాండు పక్కన కాలు చాపుకుని కూర్చున్నాయి. ఇదేమిటని అడిగితే, "అది పోక్ బావగారూ, అలాగే ఉండాలి" అన్నాడు. పొడుచుకు రావడానికి ఇంగ్లీషులో ఒక పేరు ఉంది కాబట్టి అది తప్పు కాదట, అందమట.

మావాడి అవసరం ఎంత గొప్పదో ముందు చెప్పాలి. కాపురం నిజాంపేటలో, ఉద్యోగం గచ్చిబౌలిలో. రోజూ దాటాల్సిన దుర్గమ ప్రాంతాలు: రెండు ఫ్లైఓవర్లు, లెక్కలేనన్ని స్పీడ్ బ్రేకర్లు, ఒక టిఫిన్ సెంటరు ముందు డబుల్ పార్కింగు. దారిలో ఒకచోట కేబుల్ కోసం తవ్వి సరిగ్గా పూడ్చలేదు. మొత్తం ప్రయాణంలో ఆఫ్‌రోడ్ అనదగ్గది ఆ ఒక్క గజం నేలే. దాన్ని కూడా మావాడు పక్కనుంచి తప్పించుకుని వెళతాడు, అలాయ్ రిమ్ము గీసుకుపోతుందని.

పోనీ బండితో వచ్చిన టైర్లు చిన్నవా అంటే, కావు. వాటి మీద 255/65 ఆర్18 అని రాసి ఉండేది. వెడల్పు 255 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, లోపల 18 అంగుళాల రిమ్ము. గుణించి కూడితే నిలువునా 31 అంగుళాల చక్రం. బండి కింద ఖాళీ 226 మిల్లీమీటర్లు. 650 మిల్లీమీటర్ల లోతు నీళ్ళలో దిగి దాటగలదని కంపెనీ లెక్క. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్ జీపులు 6.00-16 టైర్లతో తిరిగాయి. అంటే ఆరంగుళాల వెడల్పు. ఆరంగుళాల టైర్లతో వాళ్ళు ప్రపంచ యుద్ధం నడిపారు. మావాడికి గచ్చిబౌలిలో కాఫీ తాగి రావడానికి పన్నెండున్నర అంగుళాల వెడల్పు టైర్లు చాలుతాయో లేదోనని దిగులు పట్టుకుంది.

పెద్దవాళ్ళు పక్కనుంటే బేరం కుదురుతుందని, కొత్త చక్రాలు కొనడానికి నన్ను రాణిగంజ్ బజారుకు తీసుకెళ్ళాడు. మూడు గంటలు కూర్చున్నాం. మా పెళ్ళికి బంగారం కొన్నప్పుడు కూడా అంతసేపు పట్టలేదు. కొట్టాయన బండి వంక జాలిగా చూసి, "చెప్పుల్లేకుండ ఫంక్షన్‌కు పోయినట్టుంది సార్" అన్నాడు. మావాడు సిగ్గుతో తల దించుకున్నాడు. అప్పటికే వాడు సగం అమ్ముడుపోయాడు.

టైర్లలో హెచ్‌టీ రోడ్డుకట, ఏటీ రోడ్డుకీ మట్టికీ కలిపట, ఎంటీ అచ్చంగా బురదకట. మావాడు ఎంటీ అన్నాడు. బురద ఎక్కడుంది నాయనా అంటే, "ఉంటే?" అన్నాడు. తర్వాత ఆఫ్‌సెట్ దగ్గరికి వచ్చాం. చక్రాన్ని బిగించే ముఖం రిమ్ము నట్టనడుమ గీతకు ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె అది. అంకె తగ్గి మైనస్‌లోకి పోయేకొద్దీ చక్రం బయటికి వస్తుంది, బేరింగుల మీద భారం పెరుగుతుంది. వీళ్ళ లోకంలో మైనస్ ఎంత ఎక్కువైతే అంత గొప్ప. చిన్నప్పుడు లెక్కల్లో నాకు మైనస్ వస్తే మా నాన్న బెత్తం తీసేవారు, మావాడు క్రెడిట్ కార్డు తీశాడు.

చివరికి అంచు చుట్టూ బోల్టులున్న నల్ల రిమ్ములు ఎంచుకున్నాడు. అలాంటి బోల్టులకు నిజంగా ఒక పని ఉంది. ఇసుకలో, రాళ్ళలో తిరిగేవాళ్ళు పట్టు కోసం టైర్లలో గాలి బాగా తగ్గిస్తారు. అప్పుడు టైరు రిమ్ము మీంచి ఊడిపోకుండా బోల్టులతో ఒక కడియం బిగిస్తారు. దాన్నే బీడ్‌లాక్ అంటారు. మావాడు కొన్న రిమ్ములకు కడియం లేదు, బోల్టులే ఉన్నాయి. అవి దేన్నీ పట్టుకోలేదు, ఊరికే ఉన్నాయి. గిల్టు నగకు కూడా మెడలో ఉండే పనుంటుంది. వీటికి అదీ లేదు.

మొత్తం లక్షా డెబ్బై వేలు. 33 అంగుళాల చక్రాలు నాలుగు. వెనక తలుపుకున్న స్టెప్నీ పాతదే, బడ్జెట్ చాలలేదు. చక్రం రెండంగుళాలు పెరిగితే ఇరుసు లేచేది అందులో సగమే, అంటే అంగుళం, 25 మిల్లీమీటర్లు. మిల్లీమీటరుకు 6,800 రూపాయలు పడింది. 2023లో కోకాపేటలో ఎకరం 100 కోట్లు దాటిందని మనమంతా నోళ్ళు తెరిచాం. కొన్నవాళ్ళకు అక్కడ కనీసం నేల మిగిలింది.

ఇంటికొచ్చాక ఒక్కొక్కటే బయటపడ్డాయి. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు లోపలి ప్లాస్టిక్‌కు రాసుకుని గర్రుమంటుంది. మళ్ళీ రాణిగంజ్ వెళ్ళి ప్లాస్టిక్ కోయించాడు. స్పీడు ముల్లు ఇంకా పాత చక్రం లెక్కే చెబుతోంది కాబట్టి 100 దగ్గర ఆరు కిలోమీటర్లు తక్కువ చూపిస్తోంది. బ్రేకులకు కొత్త బరువు, మైలేజీకి కొత్త గండి. ఎంటీ టైరు గళ్ళు తారురోడ్డు మీద చేసే మోతకు మా అమ్మ పిండిమర మళ్ళీ తెరిచారనుకుని బియ్యం డబ్బా దింపింది.

ఇన్ని చెప్పి అసలు సంగతి చెప్పలేదు. మావాడి థార్‌కు ఫోర్ వీల్ డ్రైవ్ లేదు. 2023 జనవరిలో కంపెనీ వెనక చక్రాలు మాత్రమే లాగే చవక రకం తెచ్చింది, 1.5 లీటర్ల డీజిల్ ఇంజనుతో. ఇది అదే. ముందు రెండు చక్రాలకు ఇంజనుతో మాటల్లేవు. అవి కేవలం హాజరు వేయించుకోవడానికి ఉన్నాయి. ఈ నాలుగు గుండ్రాళ్ళనూ కట్టుకుని ఆ చిన్న ఇంజను రోజూ పొద్దున మా సెల్లార్ ర్యాంపు ఎక్కుతుంటే, వాచ్‌మన్ తన పని ఆపి నిలబడి చూస్తాడు.

చట్టం సంగతీ ఎత్తాను. కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకూ అయిదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. "అందరూ వేయిస్తున్నారు బావగారూ" అన్నాడు. ఈ దేశంలో 53వ సెక్షన్ ఇదేనేమో.

ఇక ఆ వాన రోజు. హైదరాబాదులో గంట వాన పడింది, అంటే మా వీధి చివర మోకాలి లోతు నీళ్ళు. నేను థార్‌లో ముందు సీట్లో ఉన్నాను. లోపల్లోపల సంతోషంగానే ఉన్నాను, ఈ లక్షా డెబ్బై వేలు దేనికి పెట్టారో ఇవాళ కళ్ళారా చూడబోతున్నానని. మావాడు నీళ్ళ ఒడ్డున బండి ఆపాడు. లంకకు దారి ఇమ్మని రాముడు సముద్రం ముందు కూర్చున్నట్టు కూర్చున్నాడు, దర్భాసనం బదులు లెదర్ సీటు. అయిదు నిమిషాలు గడిచాయి. పెద్ద డబ్బా వీపున వేసుకున్న డెలివరీ కుర్రాడు కాళ్ళు రెండూ పైకెత్తి బైకు మీద దాటేశాడు. లుంగీ పైకి కట్టిన పెద్దాయన సైకిల్ తోసుకుంటూ వెళ్ళాడు. నీళ్ళ ట్యాంకరు దర్జాగా పోయింది. గేదె ఒకటి అటు వెళ్ళి, అక్కడ నచ్చక మళ్ళీ ఇటు వచ్చింది. మావాడు కదల్లేదు.

"ఏమైంది?" అన్నాను.

"డ్రైనేజీ నీళ్ళు బావగారూ. తెల్ల అక్షరాలు పసుపెక్కుతాయి."

టైరు పక్కన కంపెనీ పేరు తెల్లగా ఉబ్బెత్తుగా ఉంటుంది. మూడు వారాలుగా ప్రతి ఆదివారం పాత టూత్‌బ్రష్ పెట్టి ఆ అక్షరాలు తోముతున్నాడు. వాడి పిల్లాడు పక్కన కూర్చుని తన పళ్ళ సంగతి ఎప్పుడో అని ఎదురుచూస్తుంటాడు.

వెనక హారన్ మోగింది. ఆటో. దాని టైరు సైజు 4.00-8, రిమ్ము ఎనిమిది అంగుళాలు. డ్రైవరు తల బయటపెట్టి, "అన్నా, పోతవా పోవా? పోకుంటే పక్కకు జరుగు, సవారీ ఉంది" అన్నాడు. మావాడు జరిగాడు. మూడు చక్రాల మీద, వెనక ముగ్గురిని కూర్చోబెట్టుకుని, ఆటో నీళ్ళు చీల్చుకుంటూ అవతలికి చేరి ఎడమకు తిరిగి మాయమైంది. మా 33 అంగుళాల చక్రాల కింద నేల పొడిగా ఉంది.

నీళ్ళు తగ్గాక కదిలాం. చక్రాలు మడ్‌గార్డు దాటి బయట ఉన్నాయి కదా, మిగిలిన మురుగంతా పక్కన స్కూటీ మీద వెళుతున్న ఒక తల్లి మీదా, వెనక కూర్చున్న పిల్ల యూనిఫాం మీదా పడింది. మావాడికి కనపడలేదు. టైర్ల మోతలో ఆమె అరుపు వినపడలేదు. ఆపమన్నాను, ట్రాఫిక్ అన్నాడు.

అప్పుడిక నవ్వు రాలేదు. నేను పాడేరు ఏజెన్సీలో మూడేళ్ళు బ్యాంకు ఉద్యోగం చేశాను. అక్కడ కమాండర్ జీపుల్లో లోపల పదిహేను మంది, పైన అయిదుగురు, డ్రైవరు సగం బయటే కూర్చుని, అరిగి నున్నబడ్డ సన్నటి టైర్లతో రోజూ కొండలెక్కేవాడు. ఆ జీపు కూడా పోలేని చోట ఊళ్ళుండేవి. ఒక కర్రకు దుప్పటి కట్టి, అందులో నొప్పులొస్తున్న ఆడమనిషిని పడుకోబెట్టి, అరిగిన హవాయి చెప్పులతో మోసుకొచ్చేవాళ్ళు. డోలీ అంటారు. ఇప్పటికీ వానాకాలం వస్తే పేపర్లో ఆ ఫొటోయే. ఆఫ్‌రోడ్ అంటే నాకు తెలిసింది అది. ఆ మనుషులు వాగులో నడుము లోతున దిగి, తలల మీద డోలీ ఎత్తిపట్టి దాటతారు. ఈయన అక్షరాలు మాస్తాయని ఆగుతాడు! ఆగితే ఆగాడు, ఆ తర్వాత వెళ్ళి స్కూలు పిల్ల మీద మురుగు కొట్టి, బంపరు మీద "అడ్వెంచర్" అని స్టిక్కరు అంటించుకుంటాడు. ఏం అడ్వెంచరయ్యా ఇది? రోడ్డు లేక చచ్చేవాళ్ళున్న రాష్ట్రంలో పుట్టి, రోడ్డు లేనట్టు నటించడానికి లక్షా డెబ్బై వేలా?

ఇదంతా బండిలోనే గట్టిగా అనేశాను. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. బావమరిది నాలుగు రోజులు.

అయిదో రోజు పొద్దున్నే మళ్ళీ వాన. తలుపు చప్పుడైంది. ఆఫీసు బట్టల మీద రెయిన్‌కోటు వేసుకుని నిలబడ్డాడు.

"బావగారూ, బయట నీళ్ళున్నాయి. మీ స్కూటర్ తాళాలిస్తారా?"

ఇచ్చాను. పది నిమిషాలకు మళ్ళీ పైకొచ్చాడు. స్కూటర్ బయటికి రావడం లేదట, చక్రం అడ్డమట.